కుక్కర్లో చాక్లెట్ చెర్రీ బ్రెడ్ పుడ్డింగ్: అడుగున నీళ్లు ఊరుతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది కావలి. వచ్చే ఆదివారం మా పాప పుట్టినరోజు. కేకు వద్దు, చాక్లెట్ చెర్రీ బ్రెడ్ పుడ్డింగే కావాలంటోంది. మా ఇంట్లో ఓవెన్ లేదు.

మొన్న ఒకసారి చేసి చూశాను. 8 బ్రెడ్ ముక్కలు, అర లీటరు పాలు, 3 గుడ్లు, 100 గ్రాముల డార్క్ చాక్లెట్, సరిపడా చక్కెర. పాలు వేడిగా ఉండగానే చాక్లెట్ కరిగించి, వెంటనే గుడ్లు కొట్టి పోశాను. కుక్కర్ విజిల్ తీసేసి 40 నిమిషాలు ఆవిరి మీద ఉడికించాను. పైన బాగానే గట్టిపడింది. చెంచా దింపితే అడుగున పాలు విరిగినట్టు పలుకులు, చుట్టూ పల్చటి నీళ్లు, పైగా నీచు వాసన. పాప రెండు చెంచాలు తిని గిన్నె పక్కకి నెట్టేసింది. నా ప్రాణం ఉసూరుమంది.

వేడి పాలలో గుడ్లు పోయడమే తప్పా? మంట ఎక్కువైందా? గిన్నెకి మూత పెట్టలేదు, ఆవిరి నీళ్లు కారి పడ్డాయేమో కూడా.

ఇంకోటి, చెర్రీలు. బేకరీల్లో వాడే ఎర్ర చెర్రీలు చాలావరకు పాకం పట్టి రంగేసిన వాక్కాయలే. ఉత్త తీపి తప్ప ఏమీ ఉండదు. అందుకే ఈసారి డబ్బా చెర్రీలు తెప్పించాను. ఆ పాకం పుడ్డింగులో పోయాలా, వంపేయాలా? చేసినవాళ్లు కాస్త చెప్పండి, శనివారం ఇంకోసారి చేసి చూసుకుంటాను.