వెట్‌ల్యాండ్ ‘మిటిగేషన్’: పరిహారమా, భర్తీయా?

ప్రశ్న: అమెరికాలో చిత్తడి నేల ఉన్నచోట ఇల్లో రోడ్డో కట్టదలచినవారు స్థానిక ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తును తెలుగులో వివరిస్తున్నాం. మిన్నెసోటా పద్ధతిని తీసుకున్నాం. అక్కడ 1991 నాటి చిత్తడి నేలల పరిరక్షణ చట్టాన్ని నగరాలు, కౌంటీలు, పరీవాహక జిల్లాలే అమలు చేస్తాయి. చిత్తడి నేలను పోగొట్టినవారు దానికి బదులు మరోచోట చిత్తడి నేలను ఏర్పరచడాన్ని ‘కాంపెన్సేటరీ మిటిగేషన్’ అంటారు. దానికి ‘నష్టపరిహారం’ అని రాశాం. ఆ భర్తీ లెక్కలో వాడే ‘క్రెడిట్’ దగ్గర ఆగిపోయాం. మంచి మాటలు చెప్పగలరా?

జవాబు: ‘నష్టపరిహారం’ వద్దండి. పరిహారం అనగానే భూమి పోయినవాడి చేతికి అందే డబ్బే గుర్తొస్తుంది. ఇక్కడ పోయింది ఆ నేల చేస్తున్న పని: వరదనీటిని పట్టి ఉంచడం, మురికిని వడకట్టడం, పక్షులకూ కప్పలకూ చోటివ్వడం. డబ్బు కట్టేసి చేతులు దులుపుకోవచ్చన్న అర్థం చదువరికి పోకూడదు. ‘భర్తీ’ అనండి. మిన్నెసోటాలో మామూలు లెక్క ఒకటికి రెండు: అర ఎకరం మెరక చేస్తే ఎకరం భర్తీ. సాగుభూముల్లోనూ, పూర్వపు చిత్తడి నేలల్లో 80 శాతానికి పైగా ఇంకా మిగిలి ఉన్న ప్రాంతాల్లోనూ ఒకటికి ఒకటి. ‘అర ఎకరానికి ఎకరం భర్తీ’ అంటే వెంటనే బోధపడుతుంది. ‘అర ఎకరానికి ఎకరం పరిహారం’ అంటే, ఆ ఎకరం ఎవరికిస్తారని అడుగుతారు.

రెండింతలు ఎందుకో కూడా ఒక్క వాక్యంలో రాయండి. కొత్త నేల పాతదానిలా పనిచేయడానికి ఏళ్లు పడుతుంది. కొన్ని ఎప్పటికీ నిలదొక్కుకోవు.

మరో జవాబు: భర్తీ బాగుంది. కానీ అది మూడో మెట్టని మరవకండి. మొదట తప్పించాలి, తప్పకపోతే తగ్గించాలి, అప్పటికీ మిగిలినదాన్నే భర్తీ చేయాలి. దరఖాస్తుదారు తన పథకం కాక కనీసం రెండు ప్రత్యామ్నాయాలు చూపాలి. అసలు కట్టకపోవడం వాటిలో ఒకటి కావచ్చు. దారిని పక్కకు జరపడం, గట్టు వాలును నిటారు చేసి మట్టి పరుచుకునే మేర తగ్గించడం లాంటివి ఇక్కడ రాయాలి. చాలా దరఖాస్తులు తిరిగొచ్చేది ఈ మెట్టు దగ్గరే. భర్తీకి సిద్ధమని ముందే రాసేసి, తప్పించే దారి వెతకనివారికి అనుమతి దొరకదు.

‘మిటిగేషన్’ మొత్తానికి కొందరు ‘ఉపశమనం’ వాడుతున్నారు. అది నొప్పికీ జ్వరానికీ సరిపోయే మాట. మూడు మెట్లనూ విడివిడిగా చెప్పడమే మేలు.

మరో జవాబు: ‘క్రెడిట్’ను ‘అప్పు’ అనకండి, అర్థం తలకిందులవుతుంది. మనకు జమాఖర్చుల లెక్క ఉండనే ఉంది. ఒకరు ముందుగానే చిత్తడి నేలను బాగుచేసి బ్యాంకు ఖాతాలో జమ చేస్తారు (ఇది డబ్బు బ్యాంకు కాదు, చిత్తడి నేలల లెక్క ఉంచే ఏర్పాటు). మరొకరు తమ పనికి కావలసినంత కొని ఖర్చు రాయిస్తారు. ‘జమ కొనడం’ మొదట కొత్తగా వినిపిస్తుంది, కానీ లెక్క తప్పదు. ఆ జమ కూడా ఒక్కసారిగా రాదు. నీరు నిలిచిందని, మొక్కలు నాటుకున్నాయని తేలేకొద్దీ విడతలుగా వస్తుంది. ఆర్మీ ఇంజనీర్ల విభాగం, పర్యావరణ పరిరక్షణ సంస్థ కలిసి 2008లో తెచ్చిన ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం ఐదేళ్లు కనిపెట్టి చూడాలి.

‘ఇన్ లూ ఫీ’ వేరు: భర్తీ చేసిపెట్టే సంస్థకు ముందే రుసుము కట్టడం. దాన్ని ‘బదులు రుసుము’ అనవచ్చు. అక్కడ డబ్బు ముందు, నేల తర్వాత. నేల ఇంకా సిద్ధం కాకముందే అమ్మే ముందస్తు జమల్లో మొదటిది అమ్మిన తర్వాత, మొక్కలు పెరిగే మూడో పూర్తి కాలంలోగా స్థలం సేకరించి తొలి పనులు పూర్తిచేయాలని ఆ ఫెడరల్ నిబంధనే చెబుతోంది.

మరో జవాబు: ‘వెట్‌ల్యాండ్’కు ‘చిత్తడి నేల’ సరే. ఎక్కడా ‘మాగాణి’ అని గానీ ‘తరి’ అని గానీ పడకుండా చూడండి. మన రెవెన్యూ ఇంగ్లీషులో ‘వెట్ ల్యాండ్’ అంటే నీటి వసతి ఉన్న సాగుభూమి. భారత ప్రభుత్వ 2017 చిత్తడి నేలల నిబంధనలు వరిపొలాలను నిర్వచనం నుంచే తీసేశాయి. అంటే ఆ రెండు మాటలూ ఒకటి కానే కావు.

అడిగినవారు: చాలా ఉపకారం. ఇలా మార్చాం: “మీరు పూడ్చే ప్రతి ఎకరం చిత్తడి నేలకు రెండెకరాల కొత్త చెరువు తవ్వి భర్తీ చేయాలి.” సరిపోతుందా?

జవాబు: ‘చెరువు తవ్వి’ తీసేయండి. భర్తీ పనుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు అదే. నీరు తప్పకుండా నిలవాలని లోతుగా తవ్వుతారు, పైమట్టి ఎత్తేస్తారు, యంత్రాలతో నేలను గట్టిపరుస్తారు. చివరికి నడుమ లోతు నీళ్లు, అంచున జమ్ము తప్ప మరేమీ మొలవని గుంట మిగులుతుంది. ఇంజనీర్ల విభాగం నీటి కొలత వేరు: మొక్కలు పెరిగే కాలంలో వరుసగా కనీసం 14 రోజులు నీరు పైన నిలవాలి, లేదా నేల కింది నీటిమట్టం 12 అంగుళాల లోతు దాటకుండా ఉండాలి, పదేళ్లలో కనీసం ఐదేళ్లు ఇలా జరగాలి. పైన నీళ్లు కనబడకపోయినా చిత్తడి నేలే. అన్నిటికన్నా నమ్మకమైన పని పునరుద్ధరణ: పూర్వం ఆరబెట్టిన పొలంలో కాలువను అడ్డగించడం, నేల కింద పాతిన మురుగు గొట్టాలను పగలగొట్టడం. అడుగున పాత బురదమట్టి ఉంటుంది కాబట్టి నీరు తిరిగి రాగానే తుంగ దానంతటదే లేస్తుంది.

“మీరు పూడ్చినా, కాలువ తీసి ఆరబెట్టినా, పోయిన ప్రతి ఎకరానికి సాధారణంగా రెండెకరాల చిత్తడి నేలను భర్తీ చేయాలి. పాత చిత్తడి నేలను పునరుద్ధరించవచ్చు, లేదా బ్యాంకు నుంచి జమ కొనవచ్చు” అని రాయండి. ఆ కింద, ఇంజనీర్ల విభాగం అనుమతి వేరే తీసుకోవాల్సి రావచ్చని కలపండి. 2023లో అమెరికా సుప్రీంకోర్టు సాకెట్ కేసులో ఇచ్చిన తీర్పుతో, నదులూ సరస్సులతో నేలపై నీటితో ఎడతెగకుండా కలిసి లేని చిత్తడి నేలలు ఫెడరల్ చట్టం పరిధి దాటిపోయాయి. స్థానిక అనుమతి మాత్రం వాటికీ కావాలి.