ఉప్పునీటి అక్వేరియంలో 35 రోజులైనా అమ్మోనియా తగ్గడం లేదు

మాది విజయవాడ. 150 లీటర్ల ట్యాంకు, అందులో 15 కిలోల డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి), ఇసుక. చేపలు ఇంకా వేయలేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుందని ఆర్వో నీళ్లలోనే మెరైన్ సాల్ట్ కలిపాను. స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.025, పీహెచ్ 8.1. ఈ ఎండలకి నీళ్లు మధ్యాహ్నం 31 డిగ్రీలకు వెళ్తుంటే పైన ఫ్యాన్ పెట్టాను, ఇప్పుడు 28 దగ్గర ఉంటోంది. ఆవిరైన నీటికి బదులు రోజూ ఆర్వో నీళ్లే పోస్తున్నాను, ఉప్పు కలపకుండా.

చేపలు వేసే ముందే అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో పెరగాలి కదా, అందుకని మొదటి రోజు అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేశాను. ఇవాళ్టికీ 2 దగ్గరే ఉంది. నైట్రైట్ సున్నా, నైట్రేట్ సున్నా. టెస్ట్ కిట్ మీద అనుమానంతో ఇంకో కంపెనీది కొన్నాను, అదీ అంతే చూపించింది. లైటు, స్కిమ్మర్ (నీటిలోని వ్యర్థాలను నురగతో తీసే పరికరం) ఆపేసి, 5వ రోజు ఒకటి, 20వ రోజు ఒకటి బాటిల్ బ్యాక్టీరియా (సీసాలో అమ్మే ఆ బ్యాక్టీరియానే) పోశాను. రెండూ కొరియర్‌లోనే వచ్చాయి. రెండోది చేతికందినప్పుడు సీసా వేడిగా ఉంది, నా అనుమానమంతా అక్కడే. 28వ రోజు 20 శాతం నీళ్లు మార్చినా లాభం లేదు. ఇంట్లో క్లౌన్ ఫిష్ ఎప్పుడని రోజూ అడుగుతున్నారు, అది వేరే టెన్షన్.

ఈ నీళ్లే ఉంచి కొత్తగా బ్యాక్టీరియా వేస్తే సరిపోతుందా, లేక మొత్తం తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టాలా?