జామా ప్యానెల్‌లో గ్రౌండు తీగ: దండగా వేయాలా, విడివిడిగానా?

పాతపెట్టె (ఎడిసన్, న్యూజెర్సీ)

మూతపడిన ఒక పిజ్జా దుకాణం నుంచి గత నెల పాత ఆర్కేడ్ క్యాబినెట్ కొన్నాను. 1990ల నాటిది, జామా వైరింగు (గేమ్ బోర్డును క్యాబినెట్‌కు కలిపే ప్రామాణిక కనెక్టర్), ఇద్దరు ఆడే ప్యానెల్, మనిషికి ఆరేసి బటన్లు. జబ్బు ఏమిటంటే, పావుగంట ఆడేసరికి రెండో ఆటగాడి వైపు మొత్తం చచ్చిపోతుంది. జాయ్‌స్టిక్కు లేదు, బటన్లు లేవు, స్టార్టు కూడా లేదు. ప్యానెల్ మీద అరచేత్తో ఒక్కటి చరిస్తే మళ్లీ బతుకుతుంది. మా అబ్బాయికి ఇప్పుడు అసలు ఆట కంటే ఆ చరచడమే ఇష్టంగా ఉంది.

ప్యానెల్ తిరగేసి చూశాను. నల్ల గ్రౌండు తీగ ఒకటి ఒక మైక్రోస్విచ్చు (బటన్ కింది చిన్న స్విచ్చు) కామన్ కాలి నుంచి పక్కదాని కామన్‌కు, అక్కడి నుంచి ఆ పక్కదానికి, మొత్తం 22 స్విచ్చులకూ దండ గుచ్చినట్టు వెళ్లింది. దీన్ని పీకేసి, మధ్యలో ఒక కనెక్టర్ స్ట్రిప్పు బిగించి, ఒక్కో స్విచ్చుకు ఒక్కో గ్రౌండు తీగ లాగుదామని ఉంది. స్ట్రిప్పు కూడా కొనేశాను. చేసేముందు మీ మాట వినాలని.

ట్రాన్సిస్టర్

లాగండి, ఆలోచించకండి. వినాయక చవితి పందిట్లో సీరియల్ బల్బుల వరస చూశారుగా, ఒకటి పోతే వరసంతా చీకటే. మీ దండ కథా అదే. నేను ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. అన్ని గ్రౌండు తీగలూ ఒక్కచోట కలవాలన్నది మాకు మొదటి పాఠం. దండలో చివరి స్విచ్చుకు వెళ్లేసరికి వోల్టేజీ పడిపోతుంది, రొద కూడా చేరుతుంది.

గేమ్‌జోన్ మెకానిక్ (విశాఖపట్నం)

ట్రాన్సిస్టర్ గారూ, పోలిక తప్పండీ. సీరియల్ బల్బుల్లో కరెంటు ఒక బల్బు లోపలి నుంచే ఇంకో బల్బుకు వెళ్తుంది. ఇక్కడ స్విచ్చు లోపలి నుంచి ఏదీ పక్కదానికి వెళ్లదు, తీగ మాత్రమే కామన్ కాలిని తాకుతూ పోతుంది. బటన్ చెడిపోయినా, మొత్తం పీకేసినా దండ బతికే ఉంటుంది. అదీ సరిగ్గా వేసిన దండ అయితేనే. ఫ్యాక్టరీ పనిలో రెండు తీగల కొనలు కలిపి ఒకే లగ్గులో, అంటే స్విచ్చు కాలికి తొడిగే రేకు మొనలో, నొక్కుతారు. లగ్గు స్విచ్చు నుంచి ఊడి వేలాడుతున్నా ఆ రెండు తీగలూ లగ్గులో కలిసే ఉంటాయి కాబట్టి ఒక్క బటనే పోతుంది.

పాతపెట్టె గారూ, మీకు సగం ప్యానెల్ పోతోందంటే ఏదో ఒక లగ్గులో తీగ వదులుగా ఉందన్నమాట. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, తొంభై శాతం ఇదే అని లెక్క చెప్పలేను కానీ, నేను మొదట చూసేది ఇదే. ప్లగ్గు పీకి, మల్టీమీటరును బీప్ మీద పెట్టండి. ఒక మొన పవర్ సప్లై గ్రౌండు మీద ఉంచి, రెండోదాన్ని ఒక్కో కామన్ కాలికీ తాకిస్తూ వెళ్లండి. బీప్ ఎక్కడ ఆగితే దానికి ముందు లగ్గును పట్టుకుని మెల్లగా లాగి చూడండి.

ట్రాన్సిస్టర్

లగ్గు సంగతి సరే. వోల్టేజీ మాట దాటేశారు.

గేమ్‌జోన్ మెకానిక్

దాటలేదు, లెక్కే వేద్దాం. బోర్డులో ప్రతి ఇన్‌పుట్‌నూ ఒక రెసిస్టరు 5 వోల్టుల వైపు లాగి పట్టుకుంటుంది. బటన్ నొక్కితే అది గ్రౌండుకు తగులుతుంది, అంతే. రెసిస్టరు 1 కిలోఓం అనుకున్నా ఒక్కో స్విచ్చులో 5 మిల్లీఆంపియర్లు. ఇద్దరు ఆటగాళ్లు నాలుగు చేతులూ రెండు మోకాళ్లూ వాడి 22 స్విచ్చులూ ఒకేసారి నొక్కినా 110 మిల్లీఆంపియర్లు. సన్నని 22 గేజి తీగ మూడు మీటర్లకు 0.16 ఓం. పడేది 20 మిల్లీవోల్టుల లోపు. బోర్డులోని పాత టీటీఎల్ రకం లాజిక్ చిప్పు 0.8 వోల్టు దాకా దాన్ని సున్నాగానే చదువుతుంది. మీ ఆంప్లిఫయర్‌లో మిల్లీవోల్టు హమ్‌గా వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. బటన్‌కు చెవులు లేవు.

విడివిడి తీగలంటే 22 సిగ్నల్ తీగలకు ఇంకో 22 తోడు. ప్యానెల్ తెరిచి మూసిన ప్రతిసారీ ఆ మోపు అంచుకు నలుగుతుంది. పైగా స్ట్రిప్పులో 22 స్క్రూలు. పిల్లలు బాదే ప్యానెల్‌లో స్క్రూ వదులు కాదని ఎవరు హామీ ఇస్తారు?

కోఠీ గల్లీ (హైదరాబాద్)

ఇద్దరూ లగ్గు, స్క్రూ అని కొట్టుకుంటున్నారు. సోల్డరింగ్ చేసేస్తే గొడవే ఉండదు కదా? పది రూపాయల లెడ్డుతో శాశ్వతంగా అతుక్కుంటుంది.

గేమ్‌జోన్ మెకానిక్

అతుక్కుంటుంది, అదే బాధ. రేపు స్విచ్చు మార్చాలంటే ప్యానెల్ కింద దూరి, ముఖం మీద లెడ్డు కారకుండా చూసుకుంటూ ఊడదీయాలి. వేడి ఎక్కువైతే స్విచ్చు ప్లాస్టిక్ మెత్తబడి కాలు పక్కకు ఒరుగుతుంది. ఇంకోటి, లెడ్డు పోగుల తీగలోకి పైకి పాకుతుంది. పాకినంత మేర తీగ పుల్లలా బిగుసుకుని, అది ఆగిన చోట అదురుకు విరుగుతుంది. లగ్గులు నొక్కే మంచి క్రింపింగ్ ప్లయర్ ఒకటి కొనుక్కోండి, చాలు.

పాతపెట్టె

దొరికింది! పన్నెండో స్విచ్చు దగ్గర బీప్ ఆగింది. అక్కడ నీలం లగ్గు ఉంది, మిగతావాటికి ఎరుపు. లాగితే రెండో తీగ చేతిలోకి వచ్చేసింది. లగ్గు కూడా స్విచ్చు కాలికి వదులుగా ఉంటే ఎవరో ప్లయర్‌తో చదును చేశారు.

ఇంకో విషయం చెప్పడం మరిచాను. బేస్‌మెంట్‌లో చెప్పులు లేకుండా నిలబడి ప్యానెల్ రేకు అంచు తాకితే సన్నగా జివ్వుమంటోంది. ఇది కూడా ఈ గ్రౌండు తీగ తెగడం వల్లేనా?

కోఠీ గల్లీ

రేకుకు ఒక స్క్రూ వేసి ఆ నల్ల తీగకే కలిపేయండి, పోతుంది.

లైన్‌మన్ కొడుకు

కలపకండి. ముందు ప్లగ్గు గోడ నుంచి తీసి, దాని కాళ్లు ఎన్నో చూసి ఇక్కడ రాయండి. అంతవరకు పిల్లాణ్ణి దాని దగ్గరకు రానివ్వవద్దు.

రెండు వేర్వేరు వస్తువులను మనం గ్రౌండు అనే ఒక్క పేరుతో పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. స్విచ్చుల నల్ల తీగ 5 వోల్టుల కరెంటు తిరిగి వెళ్లే దారి. రేకు ప్యానెల్‌కు, కాయిన్ తలుపుకు, మానిటర్ చట్రానికి వెళ్లాల్సింది ఆకుపచ్చ తీగ, అంటే ఎర్తు. మన ఇళ్లలో ఎవరూ ఎర్తును గ్రౌండు అనరు కాబట్టి ఇక్కడ పొరపాటు తక్కువ. అమెరికాలో దాన్నీ గ్రౌండు అనే అంటారు.

జివ్వుమనడానికి కారణం చాలావరకు ఇది: స్విచింగ్ పవర్ సప్లైలో లైను నుంచి, న్యూట్రల్ నుంచి చట్రానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద సగం వోల్టేజీ తేలుతుంది, మీ 120లో 60, మా 230లో 115. రెండు పిన్నుల చార్జర్ మీద ఉన్న లాప్‌టాప్ రేకు చేతికి గరగరలాడేది ఇందుకే. కరెంటు అతి స్వల్పం. కానీ ఇదేనని ఊరుకోలేం. లైను తీగ తొడుగు అరిగి రేకుకు తగిలినా మొదట ఇలాగే ఉండవచ్చు, తేమ నేల మీద రెండోసారి అలా ఉండదు.

పాతపెట్టె

రెండే కాళ్లు. మూడోది మొదలంటా కోసేశారు. కోసిన చోట ఇత్తడి మెరుస్తోంది.

లైన్‌మన్ కొడుకు

అనుకున్నదే. రెండు కన్నాల సాకెట్‌లో పట్టించడానికి ఎవరో చేసిన పని. ప్లగ్గుతో సహా మూడు తీగల కార్డు మార్చండి. ఆకుపచ్చ తీగను చట్రానికి, అక్కడి నుంచి ప్యానెల్ రేకుకు, కాయిన్ తలుపుకు వేయండి. తలుపు బందుల మీద భరోసా పెట్టుకోకండి, రంగు అడ్డం వస్తుంది. తర్వాత ప్లగ్గు మూడో కాలి నుంచి ప్యానెల్ రేకుకు మీటరుతో కొలవండి. పిక్చర్ ట్యూబు వెనక వైపుకు మాత్రం చేయి పోనివ్వకండి, ఆపేశాక కూడా దానిలో చార్జి నిలిచి ఉంటుంది.

కోఠీ గల్లీ

నల్ల తీగకు కలిపితే నష్టమేమిటో చెప్పలేదు.

లైన్‌మన్ కొడుకు

ఎర్తు లేని చోట నల్ల తీగా గాలిలో తేలేదే. రేపు లైను రేకుకు తగిలితే ఫ్యూజు కొట్టదు. 120 వోల్టులు ఆ సన్నని తీగ మీదుగా గేమ్ బోర్డుకు, ప్రతి స్విచ్చు కాలికీ చేరతాయి.

గేమ్‌జోన్ మెకానిక్

ఒక్క సవరణ. చాలా క్యాబినెట్లలో ఎర్తునూ 5 వోల్టుల గ్రౌండునూ కలిపే ఉంచుతారు, కానీ పవర్ సప్లై దగ్గర, ఒకే ఒక్క చోట. ప్యానెల్ దగ్గర కలపరు.

ఇక ఆ నీలం లగ్గు. నీలం 1.5 నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు. రెండు 22 గేజి తీగలు కలిపినా 0.7 దాటదు, దానిలో జారక ఏమవుతుంది? ఎరుపు వాడండి. స్విచ్చు కాలి వెడల్పు కూడా కొలవండి. 4.8 మిల్లీమీటర్ల కాలికి 6.3 లగ్గు తొడిగి నొక్కేవాళ్లు లెక్కలేనంత మంది, మీ చదును చేసిన లగ్గు అదే అయి ఉంటుంది. చివరి స్విచ్చులో ఒక్క తీగే ఉంటే కొనను మడిచి రెండు పొరలు చేసి నొక్కండి.

దండ చివర నుంచి ఇంకో తీగ తెచ్చి మళ్లీ గ్రౌండుకు కలపండి. జామా కనెక్టర్ 56 కాళ్లలో 8 గ్రౌండువే, ఒక కొసన నాలుగు, రెండో కొసన నాలుగు. దండ మొదలు ఒక కొసకు, చివర రెండో కొసకు. అప్పుడు మధ్యలో ఎక్కడ తెగినా రెండు వైపుల నుంచీ గ్రౌండు అందుతుంది.

ట్రాన్సిస్టర్

రెండు వైపులా కలిపితే గ్రౌండు లూపు, అంటే రొద పట్టే తీగ చుట్టు, అవుతుందండీ!

గేమ్‌జోన్ మెకానిక్

అవుతుంది. ఆ లూపు ఏం పాడుచేస్తుందో మీరు చెప్పండి.

పాతపెట్టె

ఆదివారమంతా దీనికే పోయింది. మూడో కాలి నుంచి ప్యానెల్ రేకుకు 0.2 ఓం వచ్చింది, జివ్వు పోయింది. లగ్గులు ఆరు మార్చాను, తీసేసినవన్నీ 6.3వే. కిక్ బటన్ల (నాలుగు నుంచి ఆరో బటన్ల) విడి కనెక్టర్‌లో ఒక గ్రౌండు తీగ ఊరికే వేలాడుతుంటే దండ చివరను దానికే కలిపాను. తప్పా?

గేమ్‌జోన్ మెకానిక్

తప్పు కాదు, కానీ మూడు బటన్ల గేమ్ బోర్డు పెట్టిన రోజు ఆ కనెక్టర్ ఖాళీగా ఉంటుంది, మీ దండ మళ్లీ ఒంటికాలి మీద నిలబడుతుంది. జామా కొసకే మార్చండి.

ట్రాన్సిస్టర్

నేను మాత్రం ఒప్పుకోలేదు. రేపు లైటు బటన్లు పెట్టారనుకోండి, 12 వోల్టుల బల్బుల కరెంటు, కాయిన్ కౌంటర్ కాయిలు కరెంటు ఈ దండలోంచే పంపుతారా?

గేమ్‌జోన్ మెకానిక్

పంపను. వాటికి విడి తీగ పవర్ సప్లై దాకా. అక్కడ మీ మాటే నెగ్గింది.

పాతపెట్టె

అయితే కొన్న స్ట్రిప్పు ఆ లైట్లకు పనికొస్తుంది. రెండో వైపు మూడు రోజులుగా ఒక్కసారీ చావలేదు. మా అబ్బాయి ఓడిపోయినప్పుడల్లా అలవాటుగా చరుస్తూనే ఉన్నాడు.