థర్మోస్టాట్ హౌసింగ్‌లో వాల్వును విడిగా మార్చుకునే ఏర్పాటు: సర్క్లిప్పా, బోల్టుల రింగా?

నాది 2.5 లీటర్ల కామన్ రైల్ డీజిల్ వాహనం. ఇందులో థర్మోస్టాట్‌ను (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనీయని వాల్వు) అల్యూమినియం హౌసింగ్‌లోనే నొక్కి బిగించినందున, వాల్వు చెడితే మొత్తం హౌసింగ్ కొనాల్సిందే.

బెంగళూరులో ఉదయం బయలుదేరి 25 నిమిషాలు నడిపినా కూలెంట్ వేడి 64 డిగ్రీలు దాటదు. సిల్క్ బోర్డు రద్దీలో 80కి చేరినా, బండి కదలగానే మళ్లీ 66కు పడిపోతుంది. సెన్సరు మార్చాను, కూలెంట్‌లోని గాలి తీయించాను. జేసీ రోడ్డులో కొన్న కొత్త హౌసింగ్ కూడా నాలుగు నెలలకే ఇలాగే అయింది. దాన్ని విప్పి నీళ్లలో మరిగించి చూస్తే, 88 అని ముద్ర ఉన్న వాల్వు 71 దగ్గరే తెరుచుకోసాగింది. చల్లారాక కూడా దాదాపు 2 మి.మీ. సందు మిగిలింది.

అందుకే పాత హౌసింగ్‌ను లేత్‌పై కోయించి, రబ్బరు రింగుతో వచ్చే 54 మి.మీ. మామూలు థర్మోస్టాట్ కూర్చునేలా గాడి తీయించాలనుకుంటున్నాను. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని కింది బిళ్ల బైపాస్ రంధ్రాన్ని మూయాలి, లేకుంటే కొంత కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగొచ్చి ఘాట్ రోడ్డులో ఇంజిన్ వేడెక్కుతుంది. ఆ పొడవు కొలిచాను, సరిపోతోంది. చిక్కల్లా గోడ మందంతోనే. అది 4 మి.మీ. మాత్రమే, సర్క్లిప్ (గాడిలో ఇమిడి, భాగం జారిపోకుండా పట్టే స్ప్రింగు రింగు) గాడికి 1.5 పోతే మిగిలేది 2.5.

ఇలాంటి మార్పు స్వయంగా చేసినవారు చెప్పగలరా: ఇంత పలుచని గోడలో వాల్వును పట్టి ఉంచడానికి సర్క్లిప్ చాలుతుందా, లేక మూడు బోల్టులతో బిగించే అల్యూమినియం రింగే చేయించాలా?