బాండు అంటే ఏ బాండు?

చీపురుపల్లి చిన్నోడు:
మన భాష గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా నాన్నగారి ఎల్‌ఐసీ కాగితం ఎక్కడో పోయింది. ఏజెంటు గారు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "బాండు పోయింది కాబట్టి బాండు పేపరు కొని, దాని మీద ఇండెమ్నిటీ బాండు రాసివ్వాలి." ఒక్క వాక్యంలో మూడు బాండ్లు, మూడూ వేరు వేరు. ఆయనకి అర్థమైంది, మా నాన్నకి అర్థమైంది, నాకే బుర్ర తిరిగింది. పైగా ఈమధ్య రిజర్వు బ్యాంకు బాండ్లు కొందామని చదువుతున్నాను, అది నాలుగోది. ఈ మాట మన దగ్గర ఇన్ని దారులు ఎలా పట్టింది, అసలు అర్థం ఏటి, తెలుగులో దీనికి మాట ఉందా?

నెల్లిమర్ల:
ఎలక్టోరల్ బాండు మర్చిపోనావు తమ్ముడూ, ఐదోది. మున్సిపాలిటీ వాళ్లు రోడ్డుకి స్థలం తీసుకుని చేతిలో పెట్టే టీడీఆర్ బాండు ఆరోది 😀

రాజాం బ్యాంకు తాత:
చిన్నోడా, ఒక్కొక్కటీ విప్పుదాం. మొదటి బాండు పాలసీ పత్రం. ఇంగ్లీషు వాళ్లు దాన్ని పాలసీ అనే అంటారు గానీ మనకి దళసరి కాగితం మీద ముద్రలూ సంతకాలూ ఉంటే చాలు, అది బాండే, నేను ముప్పై ఏళ్ల పైన కౌంటర్లో కూర్చున్నాను, "బాండు తెచ్చాను బాబూ" అని ఎవరైనా వస్తే లోపల ఏం ఉందో తీసి చూస్తే గానీ తెలిసేది కాదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు కూడా బాండే. రెండోది బాండు పేపరు, అంటే నాన్ జ్యుడీషియల్ స్టాంపు కాగితం. అది ఉత్త కాగితం, ప్రభుత్వానికి సుంకం కట్టామని గుర్తు, అంతకు మించి ఏమీ లేదు. దాని మీద అద్దె అగ్రిమెంటు రాసుకోవచ్చు, అఫిడవిట్ రాసుకోవచ్చు, ఏమీ రాయకపోతే బీరువాలో పడుంటుంది. మూడోది ఇండెమ్నిటీ బాండు, అసలు అర్థానికి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. రేపు ఆ పోయిన పాలసీ పట్టుకుని ఇంకెవరైనా డబ్బుకి వస్తే ఆ నష్టం మేం భరిస్తాం అని కట్టుబడటం. బాండు అంటే ఆ కట్టుబాటు, కాగితం కాదు.

ఇక మార్కెట్లో బాండు అంటే ప్రభుత్వమో కంపెనీయో అప్పు తీసుకుని, ఇన్నేళ్లకి అసలు ఇస్తాను, మధ్యలో ఇంత వడ్డీ ఇస్తాను అని కట్టుబడటం. 2018 ఆగస్టులో అమరావతి కోసం సీఆర్‌డీఏ 2000 కోట్లు అలాగే తెచ్చింది, వడ్డీ 10.32 శాతం. మన ఊళ్ల లెక్కలో సరిగ్గా ఎనభై ఆరు పైసల వడ్డీ! నెలకి నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, ఈ లెక్క మన వైపు చదువు లేని ముసలమ్మకి కూడా నోటికొచ్చు, పేపర్లో శాతాలు చూసి భయపడేవాళ్లు పైసల్లోకి మార్చుకుంటే సరిపోద్ది.

నెల్లిమర్ల చెప్పిన ఎలక్టోరల్ బాండు పేరుకే బాండు. వడ్డీ లేదు, అప్పు కాదు, పార్టీకి ఇచ్చే చందా చెక్కు లాంటిది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. టీడీఆర్ బాండు కూడా అప్పు కాదు, ఇంకోచోట ఇంకాస్త కట్టుకునే హక్కు. అందుకని నా మాట ఏంటంటే, మనం బాండు పేపరు అనేది బాండు కాదు, మనం నోటు అనేదే బాండు.

నెల్లిమర్ల:
నోటంటే ఐదొందల నోటా?

రాజాం బ్యాంకు తాత:
ప్రోనోటు నాయనా. అప్పు నోటు.

బొబ్బిలి దస్తావేజులు:
తాతగారూ, నేను దస్తావేజులు రాసుకునేవాణ్ని, మీ మాట ఒప్పుకుంటాను గానీ అందులో ఒక మెలిక ఉంది. అచ్చు వేసి అమ్మే నోటు ఫారం ఎప్పుడైనా పూర్తిగా చదివారా ఎవరైనా? సంతకం పెట్టేవాడు చదవడు, డబ్బిచ్చేవాడు అంకె చూసుకుంటాడు, అంతే. అందులో "మీకు గానీ మీ అనుమతి పొందినవారికి గానీ" చెల్లిస్తాను అని ఒక ముక్క ఉంటుంది. నోటుకి ప్రాణం ఆ ముక్కలోనే ఉంది. నాకు మీరు లక్ష బాకీ, నాకు ఇవాళ డబ్బు అవసరం పడింది, మీ గడువు ఇంకా రాలేదు. నోటు వెనక రాసి సంతకం పెట్టి ఇంకొకాయనకి ఇచ్చీసి ఆయన దగ్గర తొంభై వేలో తొంభై ఐదో పుచ్చుకుంటాను. ఇక మీరు ఆయనకి కట్టాలి, నన్ను అడగక్కర్లేదు, మిమ్మల్ని నేను అడగక్కర్లేదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అంతా ఈ చేతులు మారే సంగతే.

ఇప్పుడు మెలిక. 1899 స్టాంపు చట్టంలో బాండుకి ఒక నిర్వచనం ఉంది. సాక్షి సంతకం ఉండి, ఆర్డరు మీద గానీ పట్టుకొచ్చినవాడికి గానీ చెల్లేది కాకుండా, డబ్బు కడతానని ఒప్పుకున్న పత్రం బాండు. అంటే "మీ అనుమతి పొందినవారికి" అన్నదాన్ని తీసేసి సాక్షుల్ని పెట్టుకుంటే ఆ కాగితం నోటు కాదు బాండు అని ఎదుటి లాయరు లేస్తాడు. ఇది ఊరికే మాటల గొడవ అనుకోకండి, నోటుకి స్టాంపు తక్కువైతే జరిమానా కట్టినా సాక్ష్యంగా తీసుకోరు, బాండుకి తక్కువైతే జరిమానా కట్టి బతికించుకోవచ్చు, కేసు మొత్తం దాని మీదే తిరిగిన సందర్భాలు ఉన్నాయి. చూడండి తమాషా, చట్టం బాండు అనేది చేతులు మారనిది, మార్కెట్టు బాండు అనేది చేతులు మారడానికే పుట్టింది!

రాజాం బ్యాంకు తాత:
బాగా చెప్పారు. ఆ ముక్క నాకు తట్టలేదు సుమండీ, మార్కెట్ బాండులో కూడా సారం అదే, "మీ అనుమతి పొందినవారికి గానీ".

చీపురుపల్లి చిన్నోడు:
తాతగారూ, మరి టీవీలో బాండ్ల ధర పడిపోయింది అంటారు. వెయ్యి రూపాయల కాగితానికి వెయ్యే కదా ఇచ్చేది, ధర పడడమేటి?

రాజాం బ్యాంకు తాత:
ఆయన చెప్పిన తొంభై వేల నోటు గుర్తు పెట్టుకో. నీ దగ్గర వెయ్యి రూపాయల బాండు ఉంది, ఏడు శాతం, అంటే ఏడాదికి 70 రూపాయలు, ఇంకా పదేళ్లుంది. అంతలో బయట వడ్డీలు పెరిగి కొత్త బాండ్లు ఎనిమిది శాతానికి వస్తున్నాయి. వెయ్యి పెడితే 80 వస్తుంటే నీ 70 రూపాయల దాన్ని వెయ్యికి కొనే పిచ్చివాడెవడు? తగ్గించి అడుగుతాడు. లెక్కేస్తే 933 దగ్గర తేలుతుంది. వడ్డీలు ఆరుకి పడితే అదే బాండుకి వెయ్యి పైన ఇస్తారు. నువ్వు అమ్మకుండా పదేళ్లు ఉంచుకుంటే ఆ ఎత్తుపల్లాలు నీకు తగలవు, 70 చొప్పున వస్తుంది, చివర్లో వెయ్యి వస్తుంది, ఇచ్చేవాడు మునగకపోతే. గడువు ఎంత ఎక్కువుంటే ధర అంత ఎక్కువ ఊగుతుంది, ఇదే లెక్క ఏడాదే మిగిలిన దానికి వేస్తే 991 రూపాయలు, పెద్ద నష్టం లేదు.

పలాస జీడిపప్పు:
మా వ్యాపారంలో దీన్నే డిస్కౌంట్ అంటాం. సరుకు పంపి బిల్లు రాసుకుని, గడువు దాకా ఆగలేక బ్యాంకుకి ఇచ్చి కోత పోను పుచ్చుకోవడం. వెనకటి షావుకార్లు హుండీ అనేవారు, ఇప్పుడు హుండీ అంటే గుడిలో పెట్టె తప్ప ఇంకోటి ఎవడికీ గుర్తు రాదు. ఇంకో మాట, ఎవరూ అనుకోకపోతే అంటాను, బ్యాంకు కూడా దళారే కదా? నా డబ్బు తీసుకుని ఇంకొకడికిచ్చి మధ్యలో తినడమే కదా. మమ్మల్నేమో దళారీలు రైతుల్ని దోచేస్తున్నారు అని పేపర్లో రాస్తారు, బ్యాంకుని మధ్యవర్తిత్వ సంస్థ అంటారు 😄

రాజాం బ్యాంకు తాత:
తిట్టినా పర్లేదు గానీ తేడా ఉంది బాబూ. దళారి బేరం కుదిర్చి కమీషన్ తీసుకుని తప్పుకుంటాడు, సరుకు పాడైతే కొన్నోడు అమ్మినోడు చూసుకుంటారు. స్టాక్ బ్రోకరు ఆ రకం, అందుకే షేరు పడిపోతే బ్రోకరుని పట్టుకోవడం కుదరదు. బ్యాంకు తప్పుకోదు. నీ డిపాజిట్ ఎవరికి అప్పిచ్చిందో నీకు తెలీదు, వాడు ఎగ్గొట్టినా నీకు బ్యాంకే కట్టాలి. మధ్యలో నిలబడి రెండు వైపులా తనే బాకీదారూ తనే బాకీ ఇచ్చినోడూ అవుతుంది. ఆ నిలబడినందుకే నీకు ఏడిచ్చి వాడి దగ్గర తొమ్మిదో పదో తీసుకుంటుంది. బాండు కొన్నప్పుడు ఆ అడ్డం లేదు, అప్పు తీసుకున్నవాడితో నీకు నేరుగా లంకె, వాడు మునిగితే నువ్వూ మునుగుతావు. రేటింగులు, అంటే వాడు అప్పు తీర్చగలడా లేదా అని వేసే మార్కులు, చూడమనేది అందుకే.

నెల్లిమర్ల:
అయితే "ఇల్లు బ్యాంకులో పెట్టీసాం" అంటాం కదా. ఇల్లు ఇక్కడే ఉంది, మేం అందులోనే ఉన్నాం, పెట్టడమేటి?

రాజాం బ్యాంకు తాత:
బంగారం పెట్టాం అంటే నిజంగానే పెడతాం, వస్తువు లాకర్లోకి పోతుంది, అది తాకట్టు. బండి లోను తీసుకుంటే బండి నీ దగ్గరే ఉంటుంది, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఎక్కుతుంది, దాన్ని హైపోథికేషన్ అంటారు, తెలుగులో అందరూ "ఫైనాన్స్ ఉంది" అనేస్తారు. ఇంటికి తనఖా. ఇల్లు కదలదు, దస్తావేజులూ లింకు డాక్యుమెంట్లూ బ్యాంకుకి పోతాయి, ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం, తీస్తే అప్పు కనబడుతుంది. జనం తాకట్టునీ తనఖానీ కలిపేసి వాడతారు, నష్టం లేదు గానీ దస్తావేజులో మాత్రం వేరు. ఈ తనఖా అన్న మాటే హిందీలో తన్‌ఖ్వా అంటే జీతం, మన దగ్గరికొచ్చేసరికి జీతం చాలని వాళ్ల పనైపోయింది.

బొబ్బిలి దస్తావేజులు:
స్వాధీన తనఖా కూడా చెప్పండి. 1882 ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. పొలం అప్పిచ్చినవాడికి స్వాధీనం చేస్తారు, పంట ఆయన తింటాడు, వడ్డీ కింద అది చెల్లు. మా దగ్గరికి పాత దస్తావేజులు ఇలాంటివి వస్తుంటాయి, విడిపించుకోడానికి మనవలొస్తారు. మామూలు తనఖా అప్పు తీర్చి విడిపించుకునే దావాకి 30 ఏళ్ల గడువు ఉంది, ప్రోనోటు మీద దావాకి మూడేళ్లే. మూడేళ్లలోపు దావా వేయకుండా, ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు కూడా రాయించుకోకపోతే కాలదోషం పట్టి చిత్తు కాగితమే.

చీపురుపల్లి చిన్నోడు:
మరి తనఖాకీ బాండుకీ సంబంధం ఉందా? 2008లో అమెరికాలో ఇళ్ల అప్పుల వల్ల మార్కెట్టు పడిందంటారు.

రాజాం బ్యాంకు తాత:
ఉంది, పెద్దదే. బ్యాంకు ఇరవై ఏళ్ల ఇంటి అప్పిచ్చింది, డబ్బు ఇరవై ఏళ్లు ఇరుక్కుంది. అలాంటి అప్పులు వేలకి వేలు ఒక చోట చేర్చి, వాటి మీద వచ్చే ఈఎంఐల మీద బాండ్లు వేసి అమ్మేస్తుంది. ఇందాక ఆయన నోటు వెనక సంతకం పెట్టి ఇచ్చీసినట్టే, కాకపోతే వేల నోట్లు ఒకేసారి. ఇంటాయన మామూలుగానే బ్యాంకుకి కట్టుకుంటాడు, తన అప్పు అమ్ముడుపోయిందని చాలాసార్లు తెలీదు. అమెరికాలో జిన్నీ మే అనే ప్రభుత్వ సంస్థ 1970లో గ్యారంటీ ఇచ్చి ఇలాంటి బాండ్లు మొదలుపెట్టింది. తర్వాత ఇంకో తెలివి వచ్చింది. వచ్చే డబ్బుని వరసలుగా పంచడం, కొందరికి ముందు, కొందరికి మిగిలితేనే. వంశధార కాలువ శివారు రైతులకి ఇది చెప్పక్కర్లేదు, తూము దగ్గర పొలానికి ఎప్పుడూ తడి ఉంటుంది, నీరు తగ్గితే ముందు ఎండేది శివారే. శివారు బాండ్లకి వడ్డీ ఎక్కువిచ్చి అమ్మారు, మొదటి వరసకి బ్రహ్మాండమైన రేటింగు వేయించారు. అప్పు తీర్చలేని వాళ్లకి కూడా ఇళ్లప్పులు ఇచ్చేశారు, ఎందుకంటే ఇచ్చినవాడు ఎలాగూ అమ్మీసి పోతాడు, తీరకపోతే తన నెత్తి మీద ఉండదు. ఇళ్ల ధరలు పడ్డాక మొదటి వరసకి కూడా నీరు సరిగా అందలేదు. 2008 సెప్టెంబరు 15న అక్కడి పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా.

నా మట్టుకు నాకు తప్పు బాండుది కాదు, మధ్యవాడు పూచీ లేకుండా తప్పుకోడంలో ఉంది. పలాస బాబుకి కోపం రాకూడదు మరి.

పలాస జీడిపప్పు:
అమ్మ బాబోయ్, తిరిగి తిరిగి మళ్లీ నా మీదకే 😂

ఇచ్ఛాపురం టీచరమ్మ:
ఆలస్యంగా చూశాను. మాట సంగతి ఎవరూ పట్టించుకోలేదేటి, ఇది భాష గ్రూపు కాదేటి! మా ఊరు దాటితే ఒడిశా, అక్కడ తాకట్టుని బంధక్ అంటారు, మా వీధిలో తెలుగు వాళ్లు కూడా "బందకు పెట్టాను" అంటే తెలుస్తుంది. సంస్కృతంలో బంధ్ అంటే కట్టడం, దాంట్లోంచి బంధం, బంధకం. ఇంగ్లీషు బాండు కూడా బైండ్, బ్యాండ్ అనే మాటల చుట్టమే, భాషా శాస్త్రవేత్తలు ఈ రెండు వైపులనీ ఒకే పాత మూలానికి చేరుస్తారు. కాబట్టి ఏజెంటు గారి మూడు బాండ్లూ, మా పక్కూరి బంధక్కూ దూరపు బంధువులు (ఈ బంధువు కూడా అక్కడిదే). రుణపత్రం అని పేపర్ల వాళ్లు రాస్తారు గానీ నోటితో ఎవరూ అనరు, నాకైతే బాండు అనే ఉంచుకోవడం మేలనిపిస్తుంది, స్టాంపు కాగితాన్ని మాత్రం స్టాంపు కాగితం అందాం.

నెల్లిమర్ల:
అప్పా, స్టాంపు వెండరు దగ్గరికెళ్లి స్టాంపు కాగితం అంటే "ఏటి, బాండు పేపరా?" అని అడుగుతాడు. మీరు ఓడిపోయారు.

చీపురుపల్లి చిన్నోడు:
అందరికీ చాలా థాంక్స్. చివరిగా ఒకటి, నేను కొందామనుకున్నవి రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లు, ఏడేళ్లవి. ఇవి కూడా చేతులు మారతాయా?

రాజాం బ్యాంకు తాత:
మారవు. అందులో "మీ అనుమతి పొందినవారికి" లేదు అనుకో, అమ్మడానికి లేదు, ఎవరికీ బదిలీ చేయడానికి లేదు, దాన్ని పెట్టి అప్పు తెచ్చుకోడానికీ లేదు. వడ్డీ మాత్రం ఆరు నెలలకోసారి, జనవరి 1న, జూలై 1న వస్తుంది, రేటు పోస్టాఫీసు ఎన్ఎస్‌సీ (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) రేటుకి 0.35 శాతం కలిపి ఎప్పటికప్పుడు మారుస్తారు. ప్రభుత్వమే ఇచ్చేది కాబట్టి ఎగవేత భయం లేదు. అమ్ముకునే వీలు కావాలంటే మనలాంటి వాళ్లు నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనుక్కోడానికి రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్‌లో ఖాతా తెరిచి మామూలు ప్రభుత్వ బాండ్లు కొను, కాకపోతే అక్కడ ఇందాక చెప్పిన 933 లెక్క నీకు తగులుతుంది. ఏడేళ్లవే కావాలి, మధ్యలో డబ్బు అవసరం పడొచ్చు అనుకుంటే మీ నాన్నగారి పేరున తీసుకో. అరవై దాటిన వాళ్లకి ఆరేళ్లకి, డెబ్భై దాటితే ఐదేళ్లకి, ఎనభై దాటితే నాలుగేళ్లకి కొంచెం వడ్డీ కోసుకుని వెనక్కి ఇస్తారు. నామినీ పేరు రాయించడం మర్చిపోకు.