చర్చ: బ్రెయిన్ డెడ్ అన్నాక చెయ్యి లేస్తే - ఇంటివాళ్ళకు ముందే చెప్పాలా, మందేసి ఆపాలా?

ఐసీయూ సిస్టర్, ఒంగోలు:
అందరికీ నమస్కారం. బ్రెయిన్ డెడ్ (మెదడు పూర్తిగా, తిరిగి రాకుండా చనిపోవడం) అని తేలిన మనిషిలో కూడా కాలు ముడుచుకోవడం, కాలివేళ్ళు ఆడటం, ఒక్కోసారి రెండు చేతులూ లేచి గుండెల మీదికి రావడం ఐసీయూలో పనిచేసే వాళ్ళకు కొత్త కాదు. కానీ ఆ క్షణాన మంచం పక్కన తల్లి ఉంటే? "చెయ్యెత్తి పిలస్తన్నాడు గదమ్మా, పోయాడంటారేంది?" అంటుంది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా చెవికెక్కదు. ఈ కదలికల సంగతి ముందే చెప్పాలని నేనంటాను. లేనిపోని ఆశ పుడుతుంది, కండరాలు కదలకుండా చేసే వెకురోనియం ఒక డోసు వేస్తే గొడవే ఉండదు అనేవాళ్ళూ ఉన్నారు. మీరేమంటారు?

మత్తు డాక్టరు, నెల్లూరు:
మందేసి ఆపేద్దాం అనేవాళ్ళతో నాకు మొదటే పేచీ. పరీక్షలు రెండు విడతలు, మధ్యన కనీసం 6 గంటలు ఉండాలని మన చట్టం. ఆ రెండూ పూర్తయ్యేదాకా కండరాలు సడలించే మందు సిరంజిలోకి కూడా తియ్యకూడదు. మధ్యలో వేస్తే రెండో విడత ఆప్నియా పరీక్షకు (మిషన్ తీసి సొంతంగా ఊపిరి తీస్తాడా అని చూడటం) అర్థమే ఉండదు. ఊపిరి రాకపోవడం మెదడు వల్లా, మందు వల్లా అని ఎవరు తేలుస్తారు?

ఇంకో మాట సిస్టర్. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగిరిందంటే, నరం నుంచి కండరానికి కబురు చేరుతోందన్నమాట. అంటే పాత మందు ఏదీ కండరాలను పట్టి ఉంచలేదు. అయినా ఊపిరి లేదంటే లోపం పైన, ఊపిరిని నడిపే మెదడు కాండం, బ్రెయిన్ స్టెమ్‌లోనే. మనం కంగారు పడే ఆ కదలికే పరీక్షకు బలం.

న్యూరాలజీ పీజీ:
సార్ చెప్పినదానికి తోడు. తలలో ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం ఆగిపోయినా, వెన్నుపాముకు కింది నుంచి, బృహద్ధమని కొమ్మల ద్వారా అందుతూనే ఉంటుంది. పైనుంచి అదుపు తెగిపోయేసరికి వెన్నుపాము తన పని తాను చేసుకుంటుంది. చేతులు గుండెల మీదికి వచ్చే కదలికను 1984లో న్యూరాలజిస్టు అలన్ రాపర్ అయిదుగురు రోగుల్లో వివరించారు. లాజరస్ సైన్ అనేది దాన్నే. 2000లో సపోస్నిక్ అనే డాక్టరు బృందం బ్రెయిన్ డెడ్ అయిన 38 మందిని గమనిస్తే 15 మందిలో ఏదో ఒక కదలిక కనిపించింది. అరుదు అని చెప్పి దాటేసే విషయం కాదిది.

బ్రెయిన్ డెడ్‌కు కొలమానాలు పెట్టిన 1968 హార్వర్డ్ కమిటీ అసలు ఏ కదలికా ఉండకూడదంది. 1976లో బ్రిటన్ రాయల్ కాలేజీలు వెన్నుపాము రిఫ్లెక్స్‌లు (మెదడుతో పని లేకుండా వచ్చే కదలికలు) ఉండొచ్చు, పోయినవి తిరిగి రావచ్చు అని తేల్చాయి. ఇప్పటికీ కొందరు పాత మాటే పట్టుకుని ఉన్నారు.

ఫిజీషియన్, కనిగిరి:
అంతా బాగుంది గానీ, కదిలిన ప్రతిదాన్నీ వెన్నుపాము ఖాతాలో రాసేస్తే కొంప మునుగుతుంది. మన మెట్ట ప్రాంతంలో కట్లపాము కాటును మరిచిపోతే ఎట్టా? రాత్రి నేల మీద పడుకున్న మనిషికి కరిచిన గుర్తు కూడా కనపడదు. పొద్దున్నకు రెప్పలు వాలి, కంటిపాపలు పెద్దవై, వెలుతురు వేసినా కదలవు, ఊపిరి లేదు. అచ్చం బ్రెయిన్ డెడ్‌లాగే ఉంటుంది. వెంటిలేటర్ మీద పెట్టి కాచుకుంటే లేచి ఇంటికి నడిచిపోతాడు. పురుగుమందు తాగిన కేసుల్లో అట్రోపిన్ వల్ల పాపలు పెద్దవవుతాయి, అదీ మోసమే. మెదడు దెబ్బతిన్న కారణం సీటీ స్కాన్‌లో కళ్ళకు కట్టాలి. నిద్రమందులు ఒంట్లోంచి పోవాలి, ఒంటి వేడి కనీసం 36 డిగ్రీలుండాలి. ఇవి లేకుండా పరీక్ష మొదలే పెట్టకూడదు.

ఇక కదలికల్లో కూడా మోచేతులు బిగుసుకుని లోపలికి తిరగడం, ఫిట్స్, కఫం లాగే సక్షన్ ట్యూబు పెడితే దగ్గు, వీటిలో ఏది ఉన్నా అతను బ్రెయిన్ డెడ్ కాడు. పరీక్ష అక్కడే ఆపాలి.

న్యూరాలజీ పీజీ:
ఒప్పుకుంటాను సార్. అందుకే ఎక్కడ నొక్కామన్నదే అసలు కీలకం. గోరు మీద పెన్ను పెట్టి నొక్కితే కాలు ముడుచుకుంటే అది వెన్నుపాము పని. అదే గోరు నొక్కితే ముఖం చిట్లించుకున్నాడంటే కబురు తల దాకా వెళ్ళినట్టే, పరీక్ష ఆపాల్సిందే. కనుబొమ్మ కింద ఎముక అంచున బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు ముఖంలో గానీ చేతుల్లో గానీ ఏమీ రాకూడదు. ఎందుకంటే ఆ నొప్పి బ్రెయిన్ స్టెమ్ గుండా పోవాలి. వెన్నుపాము కదలిక ఒకే మూసగా ఉంటుంది, వెంటవెంటనే నొక్కితే నీరసిస్తుంది కూడా. ఏది వెన్నుపాముదో తేలకపోతే సంతకం చేయొద్దు.

కౌన్సెలర్, కావలి:
సిస్టర్, ముందే చెప్పాలన్నదాంతో నాకు సగమే ఒప్పుదల. మొదటి మాటలోనే "చేతులు కదలొచ్చు" అంటే, ఆ ఒక్కటే మనసులో నాటుకుని అందరూ మంచం చుట్టూ చేరి ఆ కదలిక కోసమే చూస్తారు. ముందు చావు వార్త చెప్పాలి. "ప్రాణం పోయింది, గాలి మిషన్ వల్లే గుండెకు ఆక్సిజన్ అందుతోంది" అని, కోమా అనే మాట నోట రాకుండా. అది దిగమింగుకునే దాకా ఆగాలి. అవయవదానం మాట ఇంకా తర్వాత, అదీ వేరుగా కూర్చోబెట్టి. కదలికల సంగతి మంచం దగ్గరికి వెళ్ళబోయే వాళ్ళకే, వెళ్ళే ముందు చెప్పాలి.

మాటలు కూడా చూసుకోవాలి. తల తెగిన కోడి కొట్టుకున్నట్టు అని కొందరు పోలిక చెబుతారు. కన్నతల్లి ముందు ఆ మాట అనబాకండి. "మోకాలి మీద తడితే మనకు తెలియకుండానే కాలు ఎగురుతుంది గదా, ఇదీ అంతే. ఇది వెన్నులోంచి వచ్చింది, బిడ్డకు నొప్పి తెలియదు, మనల్ని పిలవడం కాదు" అంటే చాలు.

ఐసీయూ సిస్టర్, ఒంగోలు:
మంచి మాట. ఒకటి చేరుస్తాను. కదలిక లేకపోయినా వెంటిలేటర్ మీద "పేషెంట్ ట్రిగ్గర్" (ఊపిరి రోగే మొదలుపెట్టాడనే) గుర్తు వెలుగుతుంది, చూసినవాళ్ళు ఊపిరి తీసుకుంటున్నాడంటారు. చాలాసార్లు గుండె కొట్టుకునే కుదుపుకో, ట్యూబుల్లో నిలిచిన నీటికో, శ్వాసనాళం ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ (కఫ్) లీకుకో మిషన్ స్పందిస్తుంది. నీరు దించి, లీకు చూసి, ట్రిగ్గర్‌ను మొద్దుగా పెట్టి చూస్తే చాలా మటుకు తేలిపోతుంది. సార్, అవయవాలు తీసేటప్పుడు ఆపరేషన్ థియేటర్లో మరి మందు వేస్తారు గదా?

మత్తు డాక్టరు, నెల్లూరు:
వేస్తాం. అప్పటికి బ్రెయిన్ డెడ్ అని ధ్రువీకరించే ఫారం 10 మీద నలుగురు డాక్టర్ల సంతకాలూ అయిపోయి ఉంటాయి. కోత పెట్టగానే వెన్నుపాము స్పందనతో చేతులు లేవొచ్చు, పొట్ట కండరాలు బిగుస్తాయి. వెకురోనియం కిలోకు 0.1 మిల్లీగ్రాము, అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. బీపీ, నాడి ఒక్కసారిగా ఎగిస్తే మత్తు వాయువుతోనో, రక్తనాళాలు సడలించే మందుతోనో దించుతాం. నొప్పి లేకపోతే మత్తెందుకు అని 2000లో బ్రిటన్ మత్తు వైద్యుల మధ్య పెద్ద వాదన నడిచింది. మనం ఇచ్చేది అవయవాలకు రక్తప్రసరణ చెడకుండా, బాధ తెలుస్తుందని కాదు.

ఇక ఆప్నియా పరీక్ష. 10 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 35-45 (ఎంఎం హెచ్‌జీ) మధ్య. మిషన్ తీసి, శ్వాసనాళంలో సన్నని క్యాథెటర్‌తో నిమిషానికి 6 లీటర్లు ఇస్తూ 8-10 నిమిషాలు కాచాలి. కార్బన్ డయాక్సైడ్ 60 దాటాలి, లేదా మొదటి అంకె మీద 20 పెరగాలి. ఎక్కువగా చేతులు లేచేది ఈ నిమిషాల్లోనే. భుజాలు ఎగిసి, వీపు వంగితే ఊపిరి అనుకోబాకండి, కానీ ఛాతీ, పొట్ట మీద నుంచి చూపు తిప్పొద్దు. నిజంగా ఒక్క ఊపిరి వచ్చినా పరీక్ష ఆపాల్సిందే. ఇంటివాళ్ళు చూస్తామంటే ఒక్కరిని రానివ్వాలన్నది నా మాట, దాపరికం ఉందన్న అనుమానం పోతుంది.

కౌన్సెలర్, కావలి:
అడిగితేనే సార్, మనంతట మనం పిలవకూడదు. పక్కన ఒకరు నిలబడి, చెయ్యి లేవకముందే చెప్పి ఉంచాలి.

ఐసీయూ సిస్టర్, ఒంగోలు:
అట్టాగైతే సరే. కదలిక వచ్చిన ప్రతిసారీ టైము, ఎక్కడ తాకితే వచ్చింది, ఏం కదిలింది అని కేసు షీట్లో రాద్దాం. ఇంటివాళ్ళు ఉన్నప్పుడు దిండు మార్చాల్సి వస్తే మెడ ముందుకు వంచొద్దు. మెడ వంచినప్పుడు కూడా చేతులు లేస్తాయి.