2001 సిటీ గేర్ నాబ్ గిర్రున తిరుగుతోంది, ఊడి మాత్రం రావట్లేదు

పటమట కెమిస్ట్రీ మేడమ్:

నమస్తే అండీ. నాది 2001 హోండా సిటీ, 1.5 ఇంజను. 2009లో మా బాబాయి దగ్గర తీసుకున్నాను. పటమట నుంచి గుంటూరు కాలేజీకి వారానికి ఆరు రోజులు వారధి మీదుగా తిరిగే బండి. ఇంజను మీద ఒక్క మాట పడనివ్వను. గొడవంతా గేర్ నాబ్‌తోనే.

రెండేళ్లుగా దాని పైపూత జిగటెక్కింది. ఎండాకాలం పట్టుకుంటే తుమ్మబంక ముట్టుకున్నట్టే. ఆ చేత్తో కాలేజీలో హాజరుపట్టీ తీస్తే ప్రతి పేజీ మీదా నా నల్ల వేలిముద్రలు. చెప్పేది కెమిస్ట్రీ కాబట్టి జబ్బేంటో తెలుసు. పాలీయురిథేన్ పూత వేడికీ తేమకీ ఏళ్ల తరబడి విరిగిపోతూ వస్తుంది, హైడ్రాలసిస్ అంటారు. బెజవాడలో ఆ రెండింటికీ కరువా! ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే జిగురు పోయింది. దాంతోపాటు గేర్ల అంకెలూ పోయాయి. కింద ప్లాస్టిక్ నిండా పగుళ్లు. సరే, మార్చేద్దామనుకున్నాను.

నా చేతులతో ఎంత తిప్పినా కదల్లేదు. వీధి చివర మెకానిక్ కుర్రాడు పైపు రెంచి పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. టక్కుమంది. "వచ్చేసింది మేడమ్" అన్నాడు. రాలేదు. అప్పట్నుంచి నాబ్ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, పైకి లాగితే పిసరంత కదలదు. మూడో గేరు వేస్తుంటే చేతిలో రంగులరాట్నం! ఇప్పుడేమో నాబ్ కింద ఉండే గేర్ రాడ్డు మొత్తం మార్చాలి, పాత సామాన్లలో వెతికి తెస్తానంటున్నాడు. నాబ్ పాడైతే రాడ్డు ఎందుకు మార్చాలో అతను చెప్పలేదు, నాకు అర్థం కాలేదు.

ఆదివారం నేనే చేసుకుందామని ఉంది. "ఆటోనగర్ తీసుకెళ్లండి" అని మాత్రం తేల్చెయ్యకండి. ఆటోనగర్ మాకు పక్కనే, దారి తెలుసు.

లక్ష్మీపురం రైడర్:

బిగుసుకున్న మరల్ని వదులుచేసే స్ప్రే డబ్ల్యూడీ-40 బాగా కొట్టి రాత్రంతా వదిలెయ్యండి మేడమ్. పొద్దున్నకి అదే వస్తుంది.

పటమట కెమిస్ట్రీ మేడమ్:

మూడు రాత్రులు వదిలేశానండీ. కారంతా ఆ వాసన. ఇప్పుడు నాబ్ ఇంకా హాయిగా తిరుగుతోంది.

లేతు మిషన్ బాబాయ్:

మేడమ్ గారూ, మీ రాడ్డుకేం కాలేదు, నిశ్చింతగా ఉండండి. నాబ్ అంటే బయటికి కనపడే ప్లాస్టిక్ ఒక్కటే కాదు, లోపల మర ఉన్న చిన్న లోహపు గొట్టం ఉంటుంది. ప్లాస్టిక్‌ని దాని చుట్టూ పోతపోస్తారు. పైపు రెంచితో ఒక్కసారి బలం పెడితే ఆ రెంటికీ ఉన్న పట్టు తెగింది, అదే మీరు విన్న టక్. ఇప్పుడు తిరిగేది ప్లాస్టిక్ ఒక్కటే. గొట్టం రాడ్డుని కరుచుకునే ఉంది. పైన ఎంత తిప్పినా దానికి తెలియదు.

కాబట్టి పాత నాబ్ మీద ఆశ వదిలేసి కోసెయ్యండి. తాళంచెవి తీసేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాల కింద రాయి పెట్టి, రెండో గేరులో ఉంచండి. రాడ్డు మీ వైపు వాలుతుంది, డ్యాష్‌బోర్డు అడ్డం రాదు. గేర్ బూట్, అంటే రాడ్డు చుట్టూ ఉండే తొడుగు, కిందికి తోసి చుట్టూ పాత దుప్పటి పరవండి, ప్లాస్టిక్ పొడి సందుల్లో పడితే ఏడాది ఏరుకోవాలి. హాక్సా బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, నాబ్‌ని పైనుంచి కిందికి ఒకవైపు, దానికి ఎదురుగా రెండోవైపు నిలువుగా కొయ్యండి. లోహం మెరుపు కనపడగానే ఆపెయ్యాలి, గొట్టం దాటితే మీ రాడ్డు మర తెగుతుంది. కోతలో స్క్రూడ్రైవర్ పెట్టి మెలిపెడితే కొబ్బరికాయలా రెండు చిప్పలవుతుంది.

అప్పుడు గొట్టాన్ని వైస్ గ్రిప్‌తో, అంటే పట్టు వదలకుండా లాక్ అయ్యే పట్టకారుతో, పట్టి గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పాలి. ఇక్కడే అందరూ తప్పు చేసేది. ఇంకో చేత్తో రాడ్డుని కూడా పట్టుకోవాలి. తోలు ముక్క చుట్టి ఇంకో వైస్ గ్రిప్ వేస్తే మేలు. లేకపోతే ఆ బలమంతా రాడ్డుని గేర్‌బాక్సుకి కలిపే లింకేజీలో ఉండే చిన్న బుష్‌ల మీదికి పోతుంది, నాబ్ ఊడి గేరు లొడలొడ మొదలవుతుంది. కదలకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి పెట్టండి. గ్యాసు మంట మాత్రం కారులో వద్దు.

కొత్తది కొనేటప్పుడు 10 మిల్లీమీటర్ల మర, పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1.5 అని అడగండి. హోండా మాన్యువల్ కార్లకి అదే. టయోటాది 12, పిచ్ 1.25, మీకు కూర్చోదు. అన్ని బండ్లకీ సరిపోతుందని పక్కన మూడు చిన్న స్క్రూలతో అమ్మే నాబ్ జోలికి పోవద్దు, నెల తిరక్కుండా వదులవుతుంది. ఇంకో సంగతి, మీ రాడ్డుది మామూలు 10 బోల్టు మరే. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా నట్టు దొరుకుతుంది. పాతది ఊడాక ఆ నట్టు ఒకసారి ఎక్కించి దించండి, మర శుభ్రపడుతుంది.

గవర్నర్‌పేట తాతయ్య:

అమ్మాయ్, నేను అంబాసిడర్ కాలం వాణ్ణి. గేర్ కర్ర స్టీరింగ్ కిందే ఎడం చేతి వైపు ఉండేది, దాని చివర గోళీకాయంత గుండు. అది ఊడితే జేబులో వేసుకుని వట్టి కర్రతోనే ఏలూరు దాకా పోయిన రోజులున్నాయి. నేను చెప్పేది ఒక్కటే, మెరుస్తుంది కదా అని స్టీలు గుండు కొనకు. మా అబ్బాయి కొన్నాడు. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఎండలో పెట్టి టిఫిన్‌కి వెళ్లొచ్చి, చెయ్యి వేసి కెవ్వుమన్నాడు. ఇంటిదాకా చేతికి సాక్సు తొడుక్కుని గేర్లు వేశాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇనుప గుండు ఒక లెక్కా! కర్రది కొనుక్కో.

లక్ష్మీపురం రైడర్:

నాది ఆటోమేటిక్. నేనూ ఇలాగే తిప్పొచ్చా?

లేతు మిషన్ బాబాయ్:

ఆగండి! బటన్ ఉన్న నాబ్‌ని తిప్పొద్దు, లోపలి పుల్ల విరుగుతుంది. దానికి కింద చిన్న స్క్రూనో క్లిప్పో ఉంటుంది, ముందు అది చూడండి. కొన్ని మాన్యువల్ బండ్లలో కూడా తిప్పేది ఉండదు, నిలువునా పైకి లాగడమే. అలా లాగేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి. ఒకాయన ముక్కు వాచి మా షాపుకొచ్చాడు.

పటమట కెమిస్ట్రీ మేడమ్:

ఆదివారం రాత్రి రాస్తున్నాను. ఊడింది!

కొయ్యడానికి ముప్పావుగంట పట్టింది. బ్లేడు ఒకసారి జారి కన్సోల్ మీద గీత పడింది, దాని మీద పార్కింగ్ రసీదులు పెట్టుకుంటాను. చిప్పలు విడిపోయాక చూస్తే గొట్టం కింది అంచు చుట్టూ పసుప్పచ్చగా గట్టి ముద్ద. తుప్పు కాదు, మరలు వదులవకుండా పెట్టే లాక్‌టైట్ జిగురు నీలమూ ఎరుపూ కాదు. అనుమానం వచ్చి మా బాబాయికి ఫోన్ చేశాను.

"ఆ, అదా, ఊరికే ఊగుతుంటే ఎరల్డైట్ పెట్టానమ్మా. గట్టిగా ఉంది కదూ?" అన్నాడు, మహా సంతోషంగా.

పాపం ఆ కుర్రాడిని వారం రోజులు తిట్టుకున్నాను. రాడ్డు మార్చాలన్న మాట మాత్రం ఇప్పటికీ క్షమించను.

ఎరల్డైట్ అని తెలిశాక పని తేలికైంది, అది ఎపాక్సీ జిగురే కదా. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. డ్రయ్యర్ పది నిమిషాలు పట్టి, లేతు బాబాయ్ గారు చెప్పినట్టు రాడ్డు ఒక చేత్తో, గొట్టం ఒక చేత్తో పట్టుకుని తిప్పితే మొదట కిర్రుమని, తర్వాత సులువుగా వచ్చేసింది. మిగిలిన ముద్ద ఉప్పు కాగితంతో గీకి నట్టు ఎక్కించి దించాను. మర చెక్కుచెదరలేదు.

కొత్తది టేకుది. బిగిస్తే గేర్ల బొమ్మ సరిగ్గా వెనక సీటు వైపు తిరిగి ఆగింది. ఇంకా బిగించబోయి ఆగాను, ఈ ఇంట్లో బలప్రదర్శనలు చాలు. అదే నట్టు కింద వేసి, నాబ్ బొమ్మ నా వైపు వచ్చేదాకా వెనక్కి తిప్పి, నట్టుని 17 పానాతో పైకి బిగించాను. కదలట్లేదు. జిగురు ఏదీ పెట్టలేదు.

బాబాయి వచ్చే ఆదివారం చూడ్డానికి వస్తానన్నాడు. ఎరల్డైట్ ట్యూబులు ఇంట్లోంచి తీసేశాను.